ఫ్యానీ లూ హేమర్ 1964 ప్రైమరీ పోటీ: నేపథ్యం, ప్రచారం, పరిణామాలు

వ్యాససంగ్రహం:

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం రెండవ కాంగ్రెస్ జిల్లాకు 1964 జూన్ 2న డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీ ఎన్నిక జరిగింది. అందులో పత్తి తోటల కూలీ కుటుంబం నుంచి వచ్చిన ఫ్యానీ లూ హేమర్ 621 ఓట్లతో ఓడిపోయింది. ఆమె ప్రత్యర్థి జేమీ విట్టెన్‌కు 35 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. నల్లజాతి ప్రజలకు ఓటరు జాబితాలో చోటు లేని ప్రాంతంలో గెలుపు సాధ్యం కాదని అభ్యర్థికీ, ఆమెను నిలబెట్టిన ఉద్యమానికీ ముందే తెలుసు. అయినా ఆమె ఎందుకు పోటీ చేసింది, ఆ ఓటమి తర్వాతి చరిత్రలో ఏ పని చేసింది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఓటుహక్కు నిరాకరణకు ఆ పోటీ ఒక లిఖితసాక్ష్యాన్ని సృష్టించిందని, 1965లో అమెరికా ప్రతినిధుల సభ ఎదుట నిలిచిన వివాదానికి ఆ సాక్ష్యమే పునాది అయిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రైమరీ ఎన్నిక, మిసిసిపీ డెల్టా, ఓటరు నమోదు, ఫ్యానీ లూ హేమర్, ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ, పౌరహక్కుల ఉద్యమం.

1. ఉపోద్ఘాతం:

ఎన్నికల చరిత్ర ప్రధానంగా విజేతల చరిత్రగానే నమోదవుతుంది. ఓడిన అభ్యర్థి పేరు ఫలితాల పట్టికలో ఒక వరుసగా మిగులుతుంది. పార్టీ అంతర్గత పోటీలోనే ఓడినవారికి ఆ వరుస కూడా దక్కడం అరుదు. కానీ ఒక సమాజంలో ఎవరు ఓటు వేయగలిగారు, ఎవరు వేయలేకపోయారు అన్న సంగతి గెలిచినవారి మెజారిటీ కంటే ఓడినవారికి వచ్చిన ఓట్ల సంఖ్యలోనే కొన్నిసార్లు స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యానీ లూ హేమర్ పోటీ అటువంటి సందర్భం.

పౌరహక్కుల ఉద్యమ చరిత్రలో హేమర్ పేరు సాధారణంగా రెండు కారణాల వల్ల ప్రస్తావనకు వస్తుంది. ఒకటి, 1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమోక్రటిక్ జాతీయ సమావేశంలో ఆమె ఇచ్చిన వాంగ్మూలం. రెండు, సభల్లో ప్రజలను కదిలించిన ఆమె గానం. ఈ రెండింటి వెలుగులో అంతకు రెండు నెలల ముందు ఆమె అభ్యర్థిగా నిలిచిన విషయం మరుగున పడుతుంది. ఆ పోటీని దాని నేపథ్యంతోను, పరిణామాలతోను కలిపి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ‘కాంగ్రెస్’ అన్న మాట అమెరికా కేంద్ర చట్టసభకు పేరుగా మాత్రమే వాడబడింది. దాని దిగువ సభ ప్రతినిధుల సభ. ఆ సభకు ఒక్కొక్క సభ్యుణ్ణి ఎన్నుకొనే నియోజకవర్గాన్ని అక్కడ కాంగ్రెస్ జిల్లా అంటారు.

2. ప్రైమరీ విధానం - మిసిసిపీలో దాని స్వరూపం:

భారతదేశంలో పార్టీ టికెట్టు ఎవరికివ్వాలో పార్టీ నాయకత్వం నిర్ణయిస్తుంది. అమెరికాలో ఆ నిర్ణయం సాధారణంగా ఓటర్లది. తుది ఎన్నికకు ముందు పార్టీ అభ్యర్థిని ఎంపిక చేయడానికి జరిగే ఓటింగే ప్రైమరీ. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ ప్రైమరీకి విశేష ప్రాధాన్యం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి అక్కడ డెమోక్రటిక్ పార్టీదే ఏకచ్ఛత్రాధిపత్యం. రిపబ్లికన్ పార్టీ నామమాత్రం. అందువల్ల డెమోక్రటిక్ ప్రైమరీలో గెలిచినవారు నవంబరు ఎన్నికలో గెలిచినట్లే లెక్క. మిసిసిపీ 1902లో చట్టం చేసి రాష్ట్రమంతటా ప్రైమరీని ప్రవేశపెట్టింది. పార్టీ అనేది ప్రైవేటు సంఘమన్న వాదంతో దక్షిణ రాష్ట్రాల్లో ఈ ప్రైమరీల నుంచి నల్లజాతివారిని వెలివేశారు. 1944లో ‘స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ వెలి చెల్లదని తీర్పు ఇచ్చింది. దానితో ప్రైమరీ ద్వారం చట్టరీత్యా తెరుచుకుంది. ఓటరు జాబితా ద్వారం మాత్రం మూసే ఉంది.

దాన్ని మూసి ఉంచింది 1890 నాటి మిసిసిపీ రాజ్యాంగం. ఓటు వేయగోరేవారు పోల్ టాక్స్ అనే పన్ను చెల్లించాలి. రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక సెక్షన్‌ను చదవగలగాలి, లేదా దానికి అర్థం చెప్పగలగాలి. చెప్పిన అర్థం సరైనదో కాదో నిర్ణయించేది కౌంటీ అధికారి. 1950ల్లో ఈ నిబంధనను మరింత బిగించి, చదవడం, అర్థం చెప్పడం రెండూ తప్పనిసరి చేశారు. చట్టంలో ఎక్కడా జాతి ప్రస్తావన లేదు. దాని అమలు మాత్రం పూర్తిగా జాతిని బట్టే సాగింది. 1964లో మిసిసిపీలో ఓటుకు అర్హమైన వయసున్న నల్లజాతివారిలో ఓటర్లుగా నమోదైనవారు 6.7 శాతం మాత్రమే.

ఇక్కడ మరొక భేదాన్ని గుర్తించాలి. భారతదేశంలో ఓటరు జాబితా తయారీ రాజ్యం బాధ్యత. అందుకోసం సిబ్బంది ఇంటింటికీ వస్తారు. మిసిసిపీలో పౌరుడే కౌంటీ కేంద్రానికి వెళ్లి అధికారి ఎదుట దరఖాస్తు రాయాలి. 1962లో చేసిన ఒక చట్టం ప్రకారం ఆ దరఖాస్తుదారుల పేర్లను స్థానిక పత్రికలో ప్రకటించేవారు. తోట యజమానికి, ఇంటి యజమానికి, అప్పు ఇచ్చిన వర్తకుడికి ఆ పేర్లు తెలిసిపోయేవి. పరీక్షలో తప్పినా, నెగ్గినా దరఖాస్తు పెట్టడమే నేరమైపోయేది.

3. హేమర్ జీవిత నేపథ్యం:

ఫ్యానీ లూ టౌన్సెండ్ 1917 అక్టోబరు 6న మిసిసిపీలోని మాంట్‌గొమరీ కౌంటీలో జన్మించింది. తల్లిదండ్రులకు కలిగిన ఇరవైమంది సంతానంలో ఆమె చివరిది. ఆమెకు రెండేళ్ల వయసులో కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి వలస వచ్చింది. ఇది మిసిసిపీ డెల్టా అనే పత్తి ప్రాంతంలో ఉంది. జనాభాలో మూడింట రెండు వంతుల మంది నల్లజాతివారు. భూమి, అధికారం మాత్రం శ్వేతజాతి తోట యజమానుల చేతిలో ఉండేవి. పాఠశాలల్లో జాతివివక్ష చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఎదిరించడానికి పుట్టిన సిటిజన్స్ కౌన్సిల్ మొదట ఏర్పడింది ఈ కౌంటీ కేంద్రమైన ఇండియనోలాలోనే. అమెరికా సెనేట్‌లో పౌరహక్కుల బిల్లులను అడ్డుకోవడంలో ముందున్న జేమ్స్ ఈస్ట్‌లాండ్ తోట కూడా ఈ కౌంటీలోనిదే.

టౌన్సెండ్ కుటుంబం పాలుకు సేద్యం చేసేది. భూమి యజమానిది, చాకిరీ సేద్యగానిది. పండిన పంటలో సగం యజమానికి చెందుతుంది. విత్తనాలకు, ఎరువులకు, ఏడాది పొడుగునా తిన్న తిండికి చేసిన అప్పు మిగిలిన సగంలో తెగుతుంది. ఏటికేడాది కష్టపడినా లెక్క తేలేసరికి చేతిలో మిగిలేది స్వల్పం. హేమర్ ఆరేళ్ల వయసులోనే పత్తి తీయడం మొదలుపెట్టింది. చిన్ననాడు సోకిన పోలియో వల్ల కాలు కొద్దిగా ఈడ్చి నడిచేది. పత్తి పని లేని నెలల్లో మాత్రమే సాగే బడిలో ఆరో తరగతి వరకే చదివింది. ఒకదశలో తండ్రి కొన్ని పశువులను కొనుక్కొని స్వతంత్రంగా సేద్యానికి సిద్ధపడగా, ఎవరో వాటికి విషం పెట్టి చంపారు. ఆ దెబ్బ నుంచి కుటుంబం కోలుకోలేదని ఆమె తర్వాతి కాలంలో అనేక సభల్లో చెప్పింది.

1944లో పెర్రీ హేమర్‌ను వివాహమాడి రూల్‌విల్ దగ్గరి తోటలో స్థిరపడింది. చదవడం, రాయడం వచ్చినందువల్ల అక్కడ కూలీల మస్టరు, పత్తి తూకం లెక్కలు రాసే పని ఆమెకు దక్కింది. యజమాని తూకంలో జరిగే మోసాన్ని దగ్గరగా చూసింది. అతడు లేని వేళల్లో సరైన తూకపు గుండు పెట్టి కూలీలకు న్యాయం చేసేదాన్నని తర్వాత చెప్పుకొంది. 1961లో ఒక చిన్న కణితి తొలగించే శస్త్రచికిత్సకు వెళ్లగా, ఆమె అనుమతి లేకుండానే గర్భసంచిని తొలగించారు. ఆ కాలంలో పేద నల్లజాతి స్త్రీల విషయంలో ఇలా జరగడం అసాధారణం కాదు. ఉద్యమంలోకి రాకముందే భూమి, కూలి, శరీరం మూడింటి మీదా తనకు అధికారం లేని స్థితిని ఆమె అనుభవించింది.

4. ఓటరు నమోదు ప్రయత్నం (1962-63):

1962 ఆగస్టులో రూల్‌విల్‌లోని విలియమ్స్ చాపెల్ చర్చిలో ఒక సభ జరిగింది. స్టూడెంట్ నాన్‌వయొలెంట్ కోఆర్డినేటింగ్ కమిటీ (స్నిక్) కార్యకర్త జేమ్స్ ఫోర్మన్, మార్టిన్ లూథర్ కింగ్ సంస్థకు చెందిన జేమ్స్ బెవెల్ అందులో మాట్లాడారు. నల్లజాతివారికి ఓటుహక్కు ఉందన్న సంగతే అంతవరకు తనకు తెలియదని హేమర్ తర్వాత చెప్పింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. అదే నెల 31న మరి 17 మందితో కలిసి బస్సులో ఇండియనోలా వెళ్లింది. నేరం జరిగిన తర్వాత చేసే చట్టాలకు సంబంధించిన రాష్ట్ర రాజ్యాంగ సెక్షన్‌ను చూసి రాసి, దానికి అర్థం చెప్పమన్నారు. ఆమె చెప్పలేకపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు రంగు మరీ పసుపుగా ఉందన్న కారణం చూపి పోలీసులు డ్రైవరుకు జరిమానా వేశారు. ఇల్లు చేరేసరికి తోట యజమానికి వార్త అందింది. దరఖాస్తు వెనక్కి తీసుకోవాలని, లేకపోతే తోట విడిచి పోవాలని అతడు ఆజ్ఞాపించాడు. తాను నమోదుకు వెళ్లింది తనకోసమని, యజమానికోసం కాదని ఆమె జవాబిచ్చింది. ఆ రాత్రే తోట విడిచింది. పది రోజులకు ఆమె తలదాచుకొన్న ఇంటిమీద తుపాకులతో కాల్పులు జరిపారు. ఆ సమయానికి ఆమె అక్కడ లేదు.

డిసెంబరులో ఆమె మళ్లీ పరీక్ష రాసింది. 1963 జనవరిలో నమోదైంది. అయినా ఓటు వేయబోతే పోల్ టాక్స్ రసీదులు లేవని తిప్పి పంపారు. 1963 జూన్ 9న దక్షిణ కరోలినాలో శిక్షణ ముగించుకొని బస్సులో తిరిగి వస్తుండగా వైనోనా పట్టణంలో ఆమెనూ సహచరులనూ అరెస్టు చేశారు. జైలులో అధికారుల ఆదేశంపై ఇద్దరు నల్లజాతి ఖైదీలు ఆమెను తోలుపట్టీతో కొట్టారు. మూత్రపిండానికి, కంటికి కలిగిన హాని జీవితాంతం మిగిలింది. ఆ అధికారులపై కేంద్రప్రభుత్వం వేసిన కేసులో శ్వేతజాతీయులు మాత్రమే ఉన్న జ్యూరీ వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆమె ప్రైమరీ అభ్యర్థిత్వం వెనుక ఉన్న అనుభవం ఇది.

5. 1964 ప్రైమరీ పోటీ:

ఎన్నికను ఉద్యమ సాధనంగా వాడుకోవడం హేమర్‌తో మొదలు కాలేదు. 1962లో ఆర్.ఎల్.టి. స్మిత్, మెరిల్ లిండ్సే అనే ఇద్దరు నల్లజాతి మతబోధకులు డెమోక్రటిక్ ప్రైమరీలో నిలిచి ఓడిపోయారు. 1963 నవంబరులో ఉద్యమ సంస్థలు కలిసి ‘ఫ్రీడమ్ వోట్’ పేరుతో సమాంతర ఎన్నిక నిర్వహించాయి. అధికార జాబితాలో పేరు లేనివారు చర్చిల్లోను, దుకాణాల్లోను పెట్టిన పెట్టెల్లో ఓటు వేశారు. సుమారు 80 వేల మంది పాల్గొన్నారు. నల్లజాతివారికి రాజకీయాలపై ఆసక్తి లేదన్న ప్రచారానికి అది సమాధానమైంది. 1964 మార్చిలో హేమర్ కాంగ్రెస్ అభ్యర్థిగా ముందుకు వచ్చింది. ఏప్రిల్ 26న జాక్సన్‌లో మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ ఏర్పడింది. అదే ప్రైమరీలో విక్టోరియా గ్రే సెనేటర్ జాన్ స్టెనిస్‌పై పోటీ చేసింది. మరో రెండు కాంగ్రెస్ జిల్లాల్లో కూడా ఉద్యమ అభ్యర్థులు నిలిచారు.

హేమర్ ప్రత్యర్థి జేమీ విట్టెన్ 1941 నుంచి సభ్యుడు. ప్రతినిధుల సభలో వ్యవసాయ వ్యయాన్ని నిర్ణయించే ఉపసంఘానికి అధ్యక్షుడు. 1960 జనాభా లెక్కల తర్వాత మిసిసిపీ ఒక స్థానాన్ని కోల్పోయింది. అప్పుడు డెల్టా ప్రాంతాన్ని విట్టెన్ జిల్లాలో కలిపారు. 1962 ప్రైమరీలో అతడు జాతి విషయంలో కొంత ఉదారవాదిగా పేరున్న ఫ్రాంక్ స్మిత్ అనే మరో సిట్టింగ్ సభ్యుణ్ణి ఓడించాడు. ఈ పరిణామం హేమర్ పోటీ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి అవసరం. జిల్లా జనాభాలో సగానికి మించి నల్లజాతివారున్నా, ఓటర్ల తీర్పు శ్వేతజాతి మితవాదినే సహించని దశలో ఆమె నిలిచింది.

ప్రచారానికి స్నిక్ కార్యకర్త చార్లెస్ మెక్‌లారిన్ సారథి. ధనం లేదు. స్నిక్ కార్యకర్తలకు వారానికి అందేది సుమారు పది డాలర్లు. చర్చి సభలే ప్రచార వేదికలు. ఓటు అడగడానికి వెళ్లిన చోట చాలామందికి ఓటే లేదు. అందువల్ల ప్రచారమూ ఓటరు నమోదూ ఒకే పనిగా సాగాయి. హేమర్ ప్రసంగాల్లో హక్కుల ప్రస్తావనతో సమానంగా తిండి, ఉపాధి సమస్యలు ఉండేవి. పత్తి తీసే యంత్రాలు రావడంతో డెల్టాలో కూలీలకు పని కరువైంది. ట్రాక్టరు డ్రైవర్ల శిక్షణ పథకాన్ని విట్టెన్ అడ్డుకొన్నాడని, దానివల్ల శ్వేతజాతి పేదలు కూడా నష్టపోయారని ఆమె విమర్శించింది. తాను నల్లజాతివారికే కాక శ్వేతజాతి పేదలకు కూడా ప్రతినిధిగా ఉంటానని చెప్పింది. వ్యవసాయ సహాయనిధులను శాసించే వ్యక్తిపై ఆ వ్యవసాయంలో అడుగు వరుసన ఉన్న కూలీ నిలవడం వల్ల ఈ పోటీకి జాతితోపాటు వర్గకోణం కూడా ఏర్పడింది.

చట్టపరంగా ఒక మార్పు ఈ పోటీకి కలిసివచ్చింది. కేంద్ర చట్టసభల ఎన్నికల్లో, వాటి ప్రైమరీల్లో పోల్ టాక్స్‌ను నిషేధించిన 24వ రాజ్యాంగ సవరణ 1964 జనవరిలో ఆమోదం పొందింది. దానితో మునుపటి ఏడాది రసీదులు లేక తిరిగి వచ్చిన హేమర్‌కు ఈ ప్రైమరీలో ఓటు దక్కింది. తన జీవితంలో తొలి ఓటు తనకే వేసుకొన్నానని ఆమె గర్వంగా చెప్పేది.

6. రెండు ఫలితాలు - ఒక పోలిక:

జూన్ 2న హేమర్‌కు 621 ఓట్లు వచ్చాయి. పోలైన వాటిలో ఇవి రెండు శాతం కూడా కావు. సాధారణ దృష్టిలో ఇది పోటీ అని కూడా చెప్పదగింది కాదు. కానీ ఈ సంఖ్య పక్కన మరొక సంఖ్యను ఉంచి చూడాలి.

ప్రైమరీ తర్వాత ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థులు నవంబరు ఎన్నికలో స్వతంత్రులుగా నిలవడానికి దరఖాస్తు చేశారు. రాష్ట్ర అధికారులు వారి పేర్లను బ్యాలెట్‌లో చేర్చలేదు. అప్పుడు పార్టీ అక్టోబరు చివర, నవంబరు మొదట మరోసారి ఫ్రీడమ్ వోట్ నిర్వహించింది. ఆ బ్యాలెట్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. హేమర్‌కు 33,009 ఓట్లు, విట్టెన్‌కు 59 ఓట్లు వచ్చాయి.

ఈ రెండు ఫలితాలను సమాన ప్రమాణాలుగా తీసుకోవడం సరికాదు. ఫ్రీడమ్ వోట్‌కు చట్టబద్ధత లేదు. దాన్ని నిర్వహించింది ఒక అభ్యర్థి పక్షం. విట్టెన్ మద్దతుదారులు అందులో పాల్గొనవలసిన అవసరమే లేదు. కాబట్టి 59 అన్న సంఖ్య అతని బలాన్ని సూచించదు. 33,009 అన్న సంఖ్య మాత్రం ఒక నిజాన్ని సూచిస్తుంది. అధికార బ్యాలెట్‌లో 621 ఓట్లకు పరిమితమైన అభ్యర్థికి, జాబితా అడ్డు తొలగిస్తే దానికి యాభై రెట్లకు మించి మద్దతు బయటపడింది. ఆ రెండు సంఖ్యల మధ్య దూరమే ఓటుహక్కు నిరాకరణకు కొలమానం. ప్రైమరీలో పోటీ చేయకపోయి ఉంటే మొదటి సంఖ్య ప్రభుత్వ రికార్డులోకి ఎక్కేదే కాదు. రెండో సంఖ్యకు పోలిక దొరికేది కాదు.

ఈ రెండింటికీ నడుమ అట్లాంటిక్ సిటీ ఘట్టం జరిగింది. ప్రైమరీతో సహా పార్టీ ప్రక్రియలన్నింటిలో పాల్గొనడానికి ప్రయత్నించామని, అడ్డుకొన్నారని చూపి, ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ శ్వేతజాతి ప్రతినిధివర్గం స్థానంలో తమను గుర్తించమని కోరింది. ఆగస్టు 22న హేమర్ వాంగ్మూలం ఇస్తుండగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హఠాత్తుగా విలేకరుల సమావేశం పెట్టి టెలివిజన్ దృష్టిని మళ్లించాడు. ఆ సాయంత్రం వార్తల్లో ఆమె వాంగ్మూలం దేశమంతా ప్రసారమైంది. పార్టీ పెద్దలు 68 మందికి బదులు రెండు స్థానాలు ఇవ్వజూపారు. ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ దాన్ని తిరస్కరించింది. ఆ తిరస్కారాన్ని గట్టిగా సమర్థించినవారిలో హేమర్ ముఖ్యురాలు.

7. ప్రతినిధుల సభలో సవాలు (1965):

ప్రైమరీ పోటీ అసలు ఫలితం కనిపించింది ఆ తర్వాతి ఏడాది. సభ్యుల ఎన్నిక చెల్లుబాటును ప్రశ్నించేందుకు వీలు కల్పించే పాత చట్టం ఆధారంగా 1964 డిసెంబరులో హేమర్, విక్టోరియా గ్రే, యాని డివైన్ మిసిసిపీ సభ్యుల ఎన్నికను సవాలు చేశారు. వారి వాదనకు మరో ఆధారం 1870 నాటిది. అంతర్యుద్ధానంతరం మిసిసిపీని తిరిగి కాంగ్రెస్‌లోకి అనుమతించినప్పుడు, ఓటుహక్కు ఉన్నవారి నుంచి దాన్ని తొలగించేలా రాజ్యాంగాన్ని మార్చరాదన్న షరతు పెట్టారు. 1890 రాజ్యాంగం ఆ షరతును ఉల్లంఘించిందని న్యాయవాదులు ఆర్థర్ కినోయ్, విలియమ్ కన్‌స్ట్లర్ తదితరులు వాదించారు.

1965 జనవరి 4న సభ ప్రారంభమైనప్పుడు న్యూయార్క్ సభ్యుడు విలియమ్ ఫిట్స్ రయన్ మిసిసిపీ సభ్యుల ప్రమాణస్వీకారానికి అభ్యంతరం చెప్పాడు. ఓటింగులో 276 మంది వారికి అనుకూలంగా నిలిచారు. 149 మంది వ్యతిరేకించారు. మిసిసిపీ సభ్యులు సభలో కూర్చున్నా, సవాలు మాత్రం విచారణకు నిలిచింది. ఆ చట్టం ప్రకారం సాక్షులను పిలిపించే అధికారం ఫిర్యాదుదారులకు లభించింది. మిసిసిపీ అంతటా 600 మందికి పైగా వాంగ్మూలాలు ఇచ్చారు. దరఖాస్తు పెట్టినందుకు పని పోయినవారు, ఇల్లు కోల్పోయినవారు, దెబ్బలు తిన్నవారు తమ అనుభవాలను ప్రమాణపూర్వకంగా చెప్పారు. అధికారులు కూడా ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చింది. కూలీగా మస్టరు రాసిన స్త్రీ, తనను జాబితా వెలుపల నిలిపిన రాష్ట్రం లెక్క అడగగలిగిన దశ అది.

ఆ ఏడాది ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. సెప్టెంబరు 17న ప్రతినిధుల సభ 228-143 ఓట్లతో ఆ సవాలును కొట్టివేసింది. ఫిర్యాదుదారులు నవంబరు బ్యాలెట్‌లో అభ్యర్థులు కారన్నది, కొత్త చట్టం వచ్చినందున ఇక పాత ఎన్నికను తిరగదోడనక్కరలేదన్నది తిరస్కారానికి చూపిన కారణాలు. ఈ తర్కంలోని వైరుధ్యం గమనించదగింది. బ్యాలెట్‌లో పేరు చేర్చనివ్వకపోవడమే ఫిర్యాదు. ఆ పేరు లేకపోవడమే ఫిర్యాదును తోసిపుచ్చడానికి కారణమైంది. చర్చ జరిగిన రోజు ఆ ముగ్గురు స్త్రీలు సభాస్థలిలో కూర్చున్నారు. ప్రతినిధుల సభలో నల్లజాతి స్త్రీలు అలా కూర్చోవడం అదే మొదటిసారి.

8. తదనంతర పరిణామాలు:

ఓటుహక్కుల చట్టం తర్వాత మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు 6.7 శాతం నుంచి 1967 నాటికి దాదాపు 60 శాతానికి పెరిగింది. పాత జాబితాతో జరిగిన ఎన్నికలు చెల్లవన్న వాదాన్ని హేమర్ కోర్టులో కూడా కొనసాగించింది. ఆమె పేరుతో నడిచిన ‘హేమర్ వర్సెస్ క్యాంప్‌బెల్’ కేసులో 1966 మార్చిలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఫలితంగా సన్‌ఫ్లవర్, మూర్‌హెడ్ పట్టణాల్లో 1967 మే నెలలో మళ్లీ ఎన్నికలు జరిగాయి. నల్లజాతి అభ్యర్థులు వాటిలోనూ గెలవలేదు. జాబితాలో పేరు చేరినంత మాత్రాన యజమానిపై ఆధారపడిన బతుకు మారదన్న అవగాహనతో ఆమె 1969లో ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార వ్యవసాయ క్షేత్రాన్ని నెలకొల్పింది.

ఈలోగా కొత్త ఓట్ల ప్రభావాన్ని తగ్గించే మార్గాలు పాలకవర్గానికి దొరికాయి. 1966లో రాష్ట్ర శాసనసభ కాంగ్రెస్ జిల్లాల సరిహద్దులను మార్చి, డెల్టాను అడ్డంగా కోసి వేర్వేరు జిల్లాల్లో కలిపింది. ఓటు నిరాకరించడం సాధ్యం కానప్పుడు దాని బలాన్ని చీల్చడం తర్వాతి ఎత్తుగడ అయింది. 1968లో హేమర్ డెమోక్రటిక్ జాతీయ సమావేశంలో అధికారిక ప్రతినిధిగా ప్రవేశించి ఘనస్వాగతం పొందింది. 1971లో రాష్ట్ర సెనేట్‌కు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి రాబర్ట్ క్రుక్ చేతిలో ఓడిపోయింది. 1977 మార్చి 14న మౌండ్ బేయూ ఆసుపత్రిలో 59 ఏళ్ల వయసులో మరణించింది. విట్టెన్ 1995 జనవరి వరకు సభ్యుడిగా కొనసాగాడు.

1980ల్లో డెల్టాను మళ్లీ ఒకే కాంగ్రెస్ జిల్లాగా కూర్చారు. దానికి రెండవ జిల్లా అన్న పేరే దక్కింది. 1986లో అక్కడి నుంచి మైక్ ఎస్పీ ఎన్నికయ్యాడు. అంతర్యుద్ధానంతర పునర్నిర్మాణ కాలం తర్వాత మిసిసిపీ కాంగ్రెస్‌కు పంపిన తొలి నల్లజాతి ప్రతినిధి అతడు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఓటు నిరాకరించబడిన చోట అభ్యర్థిత్వానికి ఓట్ల సేకరణతోపాటు మరో ప్రయోజనం ఉంటుంది. అది నిరాకరణను ప్రభుత్వ రికార్డులోకి ఎక్కిస్తుంది. రెండవది, హేమర్ పోటీని ఒంటరి సంఘటనగా చూస్తే అది ఘోరపరాజయం. 1963, 1964 ఫ్రీడమ్ వోట్లు, అట్లాంటిక్ సిటీ వాంగ్మూలం, 1965 సవాలు, 1966 తీర్పు అనే వరుసలో చూస్తే అది ఒక వాదనలో తొలి ఆధారం. మూడవది, ఆ వాదన ఆమె కోరిన రూపంలో ఎన్నడూ నెగ్గలేదు. ప్రైమరీలో ఓటర్లు, అట్లాంటిక్ సిటీలో సొంత పార్టీ, వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఆమెను తిరస్కరించాయి. మారింది చట్టం, ఓటరు జాబితా. ఆ ఫలం ఆమె మరణించాక తొమ్మిదేళ్లకు మరొక అభ్యర్థికి అందింది.

అందువల్ల ఓడిన అభ్యర్థుల చరిత్రను రాసేటప్పుడు వారికి ఎన్ని ఓట్లు వచ్చాయన్న ప్రశ్నతో ఆగకుండా, ఆ ఓట్లు ఏ జాబితా నుంచి వచ్చాయి, ఆ జాబితాలో ఎవరు లేరు అన్న ప్రశ్నలను కూడా వేయవలసి ఉంటుంది. ఆ ప్రశ్నలు వేసినప్పుడే 621 అన్న సంఖ్య ఒక వ్యక్తి బలహీనత గురించి కాక, ఒక రాష్ట్రం నడిపిన వ్యవస్థ గురించి చెప్పే ఆధారంగా నిలుస్తుంది.